గోధుమరంగు నురుగు

మా ఆయన గేరియోన్ ముప్పై ఆరేళ్ళు కొలోన్ వీధుల్లో ట్రామ్ నడిపాడు. మిగతావాళ్ళు కళ్ళతో నడిపితే ఈయన ముక్కుతో నడిపాడని డిపోలో అనుకునేవారట. బ్రేకులు వేడెక్కాయని మిగతా డ్రైవర్లకి పొగ కనిపించాక తెలిసేది. ఈయనకి రెండు స్టాపుల ముందే తెలిసేది. ఇంట్లోనూ అదే తంతు. పాలు రేపు విరుగుతాయని ఇవాళే చెప్పేవాడు. నేను మా అక్క ఇంటికి వెళ్ళొస్తే అక్కడ ఏం వండారో, ఎవరు సిగరెట్ కాల్చారో గుమ్మంలోనే చెప్పేసేవాడు. పెళ్ళయిన కొత్తలో అదో ముచ్చట. తర్వాత్తర్వాత నా ప్రాణానికి చిరాకు.

వాళ్ళ నాన్న మా పేటలోనే ఒక బీరుశాలలో నీలం ఏప్రన్ కట్టుకుని వడ్డించేవాడు. ఇంకోటి కావాలా అని ఎవరినీ అడిగే మనిషి కాదు. గ్లాసు ఖాళీ అయితే కొత్తది పెట్టి, కింద ఉన్న అట్టముక్క మీద పెన్సిల్‌తో గీత గీసి వెళ్ళిపోయేవాడు. చాలనుకున్నవాడు ఆ అట్టనే గ్లాసు మీద మూత పెట్టుకోవాలి, లేకపోతే వస్తూనే ఉంటుంది. మా మామగారు పోయిన ఏడాదే ఆ బీరుశాల కూడా మూతపడింది. ఆఖరి వారంలో అక్కడ బీరు కాచే పెద్దాయన గేరియోన్‌ని పిలిచి ఒక డబ్బాలో ఈస్ట్ పోసి ఇచ్చాడు. మీ నాన్న మోసిన బీరు అంతా దీనితో పులిసిందే, చావనివ్వకు అన్నాడట. ఇంకేముంది, యాభై ఒకటో ఏట మా ఆయన ఇంట్లో బీరు కాయడం మొదలుపెట్టాడు.

ముందుగా పోయింది నా డేగిశా. ఇరవై ఏడు లీటర్ల కరెంటు డేగిశా అది, మా అమ్మ నాకిచ్చింది. ఏటా జూన్‌లో దాంట్లో చెర్రీలు ఉడికించి సీసాల్లో పెట్టేదాన్ని. ఒక శనివారం చూస్తే దాని నిండా బార్లీ మాల్ట్ గంజి. ఈ ఒక్కసారికే అన్నాడు. ఆ ఒక్కసారి పదహారేళ్ళు నడిచింది. ఆ పదహారేళ్ళూ చెర్రీ సీసాలు బజారు నుంచే వచ్చాయి.

పోనీలే అనుకున్నాను. బీరు బాగుండేది, అది ఒప్పుకోవాలి. గడ్డి రంగులో తేటగా ఉండేది, నాలుగు గుక్కల సన్న గ్లాసులో పోస్తే అవతలి మనిషి ముక్కు కనిపించేది. ప్రతి జూన్‌లో మా వీధి పండుగకి ఆయన పీపాయే వెళ్ళేది. వీధి సంఘం పెద్ద కూనిబెర్ట్ మొదటి గ్లాసు వంచి, ఇదీ బీరంటే అనేవాడు. ఆ మాట మీద మా ఆయన ఏడాదంతా బతికేవాడు. నేను ఆయన పక్కన నిలబడి గ్లాసులు కడిగేదాన్ని. అందరూ నన్ను పీపా యజమానురాలు అని ఆటపట్టించేవారు. నాకు అది ఇష్టంగానే ఉండేది.

ఇలా ఉండగా రెండేళ్ళ క్రితం మా బిల్డింగ్ మూడో అంతస్తులోకి రోస్విటా దిగింది.

అరవై మూడేళ్ళ మనిషి. భర్త పోయాడు. కూతురు ఈ ఊళ్ళో ఉందని ఇక్కడికి వచ్చింది. జీవితమంతా మందుల షాపులో పొడులు తూచిందట, స్వెట్టర్ జేబులో ఎప్పుడూ థర్మామీటర్ ఉంటుంది. జుట్టుకి రంగు వేయదు, మెట్లెక్కుతూ ఈల వేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా ఆవిడది డ్యూసెల్‌డార్ఫ్. నదికి దిగువన నలభై కిలోమీటర్లలో ఉన్న ఆ ఊళ్ళో నల్ల బీరు తాగుతారు. మా ఊరికీ ఆ ఊరికీ పుట్టుకతోనే పడదు. ఎందుకు అంటే ఎవరూ చెప్పలేరు, అడిగినవాణ్ణి వింతగా చూస్తారు.

వచ్చిన వారానికి మర్యాదగా ఒక సీసా పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"నేనే కాచాను. మీ ఊరి బీరే. చూసి చెప్పండి" అంది.

"డ్యూసెల్‌డార్ఫ్ నుంచి వచ్చి మా కోల్ష్ బీరు కాచారా?" అన్నాడు గేరియోన్. "బంగాళదుంప అట్లు వేయడం కూడా మీరే నేర్పుతారేమో మాకు."

"దానికి ముందు ఇది తాగండి. అట్ల సంగతి శుక్రవారం చూద్దాం" అంది ఆవిడ తడుముకోకుండా.

ఆయన నవ్వుతూ పోసుకున్నాడు. ఒక గుక్క తాగి నవ్వు ఆపాడు. రెండో గుక్క తాగి మాట కూడా ఆపాడు. ఆవిడ వెళ్ళిపోయాక వంటింట్లోకి వెళ్ళి, ఖాళీ గ్లాసులో ముక్కు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. నేను తలుపు దగ్గర నుంచి చూశాను. నలభై రెండేళ్ళ కాపురంలో నేను ఎన్ని వండాను, ఎన్ని సెంట్లు వేసుకున్నాను. దేని ముందూ ఆ మనిషి అలా నిలబడలేదు.

మొదట అసూయ పట్టింది ఆయనకే. ఆ చలికాలమంతా మా ఇంట్లో పెద్ద గొడవ. నీళ్ళు బాగాలేవన్నాడు. డేగిశా పాతబడిందన్నాడు. నేను నేలమాళిగ తలుపు తెరిచి పెట్టడం వల్ల చలిగాలి తగిలి బీరు పాడైందన్నాడు. ఆవిడకి పైన ఏ తలుపూ లేదు కాబట్టి బాగా వస్తోందన్నమాట. పై అంతస్తు నుంచి మాల్ట్ ఉడికే వాసన వస్తే కిటికీ తీసి తల బయటపెట్టి, అరవై రెండు డిగ్రీల దగ్గర ఆపింది, ఇప్పుడు పెంచుతోంది అంటూ నాకు వార్తలు చదివేవాడు. నేను పడీపడీ నవ్వుకున్నాను. నవ్వడం నా తప్పు. మనిషి ఉడుక్కుంటే పక్కింటివాళ్ళకి వినోదం, పెళ్ళానికి కాదు.

ఆ తర్వాత ఆవిడ రహస్యం ఏమిటో కనిపెడతానని ప్రతి శనివారం పైకి వెళ్ళడం మొదలుపెట్టాడు. రహస్యం ఆవిడ మొదటి రోజే చెప్పేసింది. చల్లటి చోట ఎనిమిది వారాలు ముట్టుకోకుండా ఉంచుతాను, అంతే అంది. మా ఆయనకి ఓపిక ఎక్కడిది, నాలుగో వారానికే రుచి చూస్తానంటూ మూత తీస్తాడు. ఆ మాట నమ్మలేదు. ఇంకేదో ఉందని వెతుకుతూనే ఉన్నాడు. శనివారం పొద్దున పదింటికి గడ్డం గీసుకుని వెళ్తే మధ్యాహ్నం మూడింటికి దిగేవాడు. ట్రామ్ డ్యూటీకి కూడా అంత నున్నగా గీసుకున్న గుర్తు నాకు లేదు.

జనవరిలో ఒక రోజు భోజనం దగ్గర, "నువ్వు అన్నది నిజమే రోస్విటా, మాల్ట్‌లో గోధుమ తగ్గించాలి అన్నాను" అని ఏదో చెబుతున్నాడు.

"ఏమన్నావు?" అన్నాను.

"గోధుమ తగ్గించాలని."

"అది కాదు. నువ్వు అంటున్నావా ఆవిడని?"

"ఆ. మొన్న గ్లాసులు తగిలించుకుని నువ్వు అనుకుందామన్నాం. ఎన్నాళ్ళని మీరు మీరు అనుకుంటాం?"

నాతో మాత్రం ఆవిడ ఈనాటికీ మార్లీస్ గారూ, మీరు అనే అంటుంది. నేనూ మీరు అనే అంటాను.

నాకు అసూయ, ఇందులో దాచేదేమీ లేదు. ఆవిడ అందగత్తె అయితే ఏదో ఒక దారి ఉండేది. నేనూ జుట్టు కత్తిరించుకునేదాన్ని, కొత్త స్కార్ఫ్ కట్టేదాన్ని. ఒకసారి సెంటు రాసుకుని నేలమాళిగలోకి వెళ్తే, "మార్లీస్, అది పూసుకుని ఇక్కడికి రాకు, బీరు వాసన తెలియడం లేదు" అన్నాడు. అంతే, మళ్ళీ పూసుకోలేదు. ఇద్దరి మధ్యా తప్పు పని ఏదీ లేదని నాకు తెలుసు. ఒక్క రోజు కూడా ఆ అనుమానం రాలేదు. వాళ్ళు బీరు గురించే మాట్లాడుకునేవారు, ఐదు గంటలూ దాని గురించే. నాకు కడుపు మండింది కూడా సరిగ్గా అందుకే. నాతో ఏ విషయం మీదా ఆ మనిషి ఐదు గంటలు మాట్లాడలేదు.

ఆవిడ దగ్గర తాగి వచ్చిన రోజు ఆయన జేబులో అట్టముక్క ఉండేది. వాళ్ళ నాన్న అలవాటు ప్రకారం పెన్సిల్ గీతలు గీయించుకునేవాడు. చొక్కాలు ఉతకబోతూ చూసేదాన్ని. ఆరు, ఏడు, ఒకసారి తొమ్మిది. ఇంట్లో తన బీరే తాను రెండు గ్లాసులు తాగి అట్ట మూసేసేవాడు.

మార్చిలో రోస్విటా కిందికి వచ్చింది. పండుగకి ఈసారి తననీ ఒక పీపా పెట్టమని కూనిబెర్ట్ అడిగాడట.

"నాకు ఒకటి అనిపించింది గేరియోన్" అంది. "నేను ఎప్పుడూ ప్యాకెట్ ఈస్ట్‌తోనే కాస్తాను కదా. ఈసారి నీది వేసి కాయనా? రెండు పీపాలకీ ఒకటే ఈస్ట్. చెయ్యి ఎవరిదో నాలుక చెబుతుంది."

మా ఆయన మొహం చూడాలి. ఆయన ఆ ఈస్ట్‌ని పదహారేళ్ళు ఒక కాపు నుంచి ఇంకో కాపుకి బతికించుకుంటూ వచ్చాడు. సెలవుల్లో సముద్రం దగ్గరికి వెళ్ళినా చల్లటి సంచిలో వెంట తెచ్చేవాడు. హోటల్ ఫ్రిజ్‌లో నా ఫేస్ క్రీముకి చోటు లేకపోయినా దానికి ఉండేది.

ఆవిడ వెళ్ళాక అడిగాను. "పందెంలో ఎదురు నిలబడ్డ మనిషికి నీ ఈస్ట్ ఇస్తావా? బుద్ధి ఉందా?"

"ఈస్ట్ అడిగితే లేదనకూడదు. అమ్మకూడదు, దాచకూడదు. కాచేవాళ్ళ పద్ధతి అది. నాకు పెద్దాయన ఇవ్వలేదా?"

"ఆయన డ్యూసెల్‌డార్ఫ్ ఆవిడకి ఇవ్వమన్నాడా?"

"నువ్వు కూడా కూనిబెర్ట్‌లా మాట్లాడకు" అని నవ్వాడు.

ఏప్రిల్ మొదట్లో రొట్టెల షాపు అద్దానికి పోస్టర్ అంటించారు. కూనిబెర్ట్ సొంత రాతతో పెద్ద అక్షరాలు. రెండు పీపాలు, ఒకే ఈస్ట్, గేరియోన్, రోస్విటా. కింద రెండు గ్లాసుల బొమ్మ, ఒకదానికొకటి ఆనించి. అచ్చం శుభలేఖలా ఉంది. పొద్దున రొట్టెలు తెచ్చుకునే వాళ్ళంతా అది చదివి నన్ను చూసి పలకరించేవారు. షాపులో పిల్ల, "ఈసారి మీరు ఎవరి పీపా దగ్గర గ్లాసులు కడుగుతారు మార్లీస్ గారూ?" అని అడిగింది. తమాషాకే అడిగింది. నేను చిల్లర కూడా తీసుకోకుండా వచ్చేశాను.

ఆ శనివారం ఆయన కాచాడు. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఈస్ట్ వేసిన రెండు రోజులకి పైన నురుగు పొంగుతుంది. మొదట పొంగేది గోధుమరంగులో, జిగటగా ఉంటుంది. చేదు కోసం వేసే హాప్స్ పూల బంక, మడ్డి అంతా అందులోనే తేలుతుంది. వేలితో నాకితే చేదు రోజంతా పోదు. దాన్ని తీసి పారేయాలి. మరుసటి రోజు కింద నుంచి తెల్లగా, వెన్నలా ఇంకో నురుగు వస్తుంది. అదే అసలు ఈస్ట్. అదే దాచుకుంటారు, అదే ఇంకొకరికి ఇస్తారు. మా ఆయన పదహారేళ్ళలో ఎప్పుడూ ఈ రెంటినీ కలవనివ్వలేదు.

సోమవారం గోధుమరంగుది తీసి ఒక పాత చెర్రీ జాడీలో వేసి, పెరట్లో ఎరువుకుప్పలో పోయాలని నేలమాళిగ గట్టు మీద పెట్టాడు. మంగళవారం తెల్లది తీసి అలాంటి జాడీలోనే వేసి ఫ్రిజ్‌లో పెట్టాడు. బుధవారం పొద్దున ఆయన మోకాలి వ్యాయామానికి వెళ్తూ, "ఫ్రిజ్‌లో జాడీ రోస్విటాకి ఇచ్చెయ్, ఇవాళే కాస్తోంది. గట్టు మీది జాడీ ఎరువులో పొయ్యి" అన్నాడు.

నేను తారుమారు చేశాను. పొరపాటున చేయలేదు. తెల్లటి ఈస్ట్ తీసుకెళ్ళి బంగాళదుంప తొక్కల మీద పోసి పైన మట్టి కప్పాను. గోధుమరంగు జాడీని తుడిచి, బీరు కొంచెం పోసి గరిటెతో కలిపి, మూత బిగించి మూడు అంతస్తులు ఎక్కాను.

రోస్విటా జాడీని వెలుతురులో పెట్టి చూసింది. పైనుంచి తీసిన నురుగు ఆవిడ ఎప్పుడూ వాడి ఎరగదు.

"ఇంత గోధుమరంగులో ఉంటుందా మార్లీస్ గారూ?"

"మా ఆయన ఈస్ట్ అలాగే ఉంటుంది" అన్నాను.

"సరే మరి. ఆయనకి చాలా థాంక్స్ చెప్పండి. మీకూను, ఇన్ని మెట్లు ఎక్కారు" అంది.

మెట్లు దిగుతూ నేను ఈల వేయబోయాను. నాకు రాదు.

ఆరు వారాలు గడిచాయి. ఎనిమిది ఆగుదామని ఆవిడ అంటున్నా మా ఆయన వినలేదు. మే నెలాఖరు శనివారం రెండు పీపాలూ మా వంటింటి బల్ల మీదికి చేరాయి. రై రొట్టె, జున్ను ముక్కలు, ఉల్లిపాయ నేనే కోసి పెట్టాను. ముందు గేరియోన్ బీరు. ఎప్పటిలాగే బాగుంది. తర్వాత ఆవిడది పోశాడు. మసక మసకగా ఉంది. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని ఆగాడు. తాగాడు. నాలుక బయటికి తీసి చేత్తో తుడుచుకున్నాడు.

"బంక" అన్నాడు మెల్లిగా. "గోధుమరంగు నురుగు బంక. రోస్విటా, జాడీలోది ఏ రంగులో ఉంది?"

"గోధుమరంగులో" అంది ఆవిడ.

ఇంతలో ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. ఒక్కసారే చూసింది. గుమ్మంలో నేనన్న మాట ఆవిడ నాలుక చివర ఉందని నాకు తెలుస్తూనే ఉంది. ఉల్లిపాయ కత్తి పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ మళ్ళీ గ్లాసు వైపు తిరిగి, "నేను గమనించాల్సింది. నా తప్పే" అంది. నా పేరు ఎత్తలేదు. అరిచి ఉంటే నేను అంతకంటే గట్టిగా అరిచేదాన్ని. ఆవిడ నన్ను కాపాడింది, అది ఇంకా మంటగా ఉంది.

"నీ తప్పు ఎలా అవుతుంది? జాడీ ఫ్రిజ్‌లో పెట్టింది నేను" అన్నాడు గేరియోన్. మొహంలో నెత్తురు లేదు. "గోధుమరంగుది ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లది ఎరువులో పోయించాను. వాసన కూడా తెలియలేదు నాకు."

నేను నోరు విప్పలేదు. అప్పుడే విప్పి ఉండాల్సింది.

ఆయన భయం ఏమిటో నాకు తెలుసు. వాళ్ళ అన్నయ్య హూబెర్ట్‌కి ముందు పోయింది వాసనే. కాఫీ మాడుతున్నా తెలిసేది కాదు. తర్వాత ట్రామ్ నంబర్లు మర్చిపోయాడు, తర్వాత ఇంటి దారి, చివరికి పెళ్ళాం పేరు. గేరియోన్ ప్రతి ఆదివారం వెళ్ళి ఆయనకి గడ్డం గీసి వచ్చేవాడు. అలాంటి ఒక రోజు హూబెర్ట్ తమ్ముణ్ణి చూసి, మీరు ఎవరండీ అని అడిగాడు. ఆ రోజు ఇంటికి వచ్చి స్నానాలగదిలో తలుపు వేసుకున్న మనిషి గంట దాకా రాలేదు.

మర్నాడే కూనిబెర్ట్‌కి ఫోన్ చేసి తన పీపా కూడా పెట్టనని చెప్పాడు. నా ముక్కు మీద నాకే నమ్మకం లేదు, జనానికి ఏం తాగించను అన్నాడు. సంఘం వాళ్ళు కంపెనీ పీపాలకి ఆర్డర్ ఇచ్చారు. రొట్టెల షాపు అద్దం మీద పోస్టర్ పోయింది. ఆయన పైకి వెళ్ళడం మానేశాడు. రోస్విటా రెండుసార్లు బెల్లు కొడితే పడుకున్నాడని చెప్పమన్నాడు. నేను చెప్పాను, హాయిగా చెప్పాను.

డేగిశా కూడా తిరిగొచ్చింది. ఇసుక వేసి తోమినట్టు మెరిపించి, తెచ్చి నా పొయ్యి పక్కన పెట్టాడు. "ఇంద, నీ చెర్రీలు చేసుకో. ఇక నాకు అక్కర్లేదు" అన్నాడు.

మూడు శనివారాలు ఆయన నా పక్కనే కూర్చుని చెర్రీ గింజలు తీశాడు. పదింటికి కూర్చుంటే మూడింటిదాకా. నాకు కావాల్సింది అదే కదా. దొరికింది. నిజం చెబుతున్నాను, మొదటి శనివారం నాకు సంతోషంగానే ఉంది. చెబుదాం, వచ్చేవారం చెబుదాం అనుకున్నాను. రెండో శనివారం ఆయన కళ్ళు మూసుకుని, "నా ముక్కు దగ్గర ఏదైనా పెట్టు, చెబుతాను" అన్నాడు. సబ్బు పెట్టాను, సబ్బు అన్నాడు. జీలకర్ర అన్నాడు. సాక్సు అన్నాడు. అన్నీ సరిగ్గానే చెప్పాడు. "నువ్వు జాలిపడి సులువైనవే పెడుతున్నావు" అని లేచి వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ ఊరుకున్నాను. చెబితే ఆయన పైకి వెళ్తాడు. నాకున్న లెక్క అంతే.

మూడో శనివారం ఆయన చొక్కా ఉతకబోతే జేబులో అట్టముక్క తగిలింది. గీతలు లేవు. వెనక వైపు పెన్సిల్‌తో పేర్లు. మార్లీస్. దాని కింద మా అమ్మాయి పేరు, మనవరాలి పేరు, డిపో పేరు, ఇంటి నంబరు. ఆ వరసనే ఆరుసార్లు రాసి ఉంది, పక్కన తేదీలు. రోజూ పొద్దున లేవగానే చూడకుండా రాసి సరిచూసుకుంటున్నాడన్నమాట. ఆరుసార్లూ నా పేరే ముందు. ఇన్నాళ్ళూ నేను దేనికోసం ఏడ్చానో అది ఆయన రాత్రి భయంతో పడుకుని పొద్దున భయంతో రాసిన ముక్క మీద ఉంది. నాకు సిగ్గేసింది. అట్ట పట్టుకుని బట్టల బుట్ట మీద కూర్చున్నాను.

వంటింట్లోకి వెళ్ళాను. చెర్రీ రసంతో ఆయన వేళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మంగళవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను, మతిమరుపు పరీక్ష. నువ్వు వస్తావా?" అన్నాడు తల ఎత్తకుండా.

"అక్కర్లేదు. జాడీ నేనే మార్చాను."

"ఏ జాడీ?"

"ఫ్రిజ్‌లో నువ్వు తెల్లదే పెట్టావు. సరిగ్గానే పెట్టావు. నేను గట్టు మీది గోధుమరంగుది తీసుకెళ్ళి ఆవిడకి ఇచ్చాను."

"తెల్లది?"

"ఎరువులో పోశాను. తొక్కల మీద."

చేతిలో చెర్రీ అలాగే పట్టుకుని నన్ను చూశాడు. నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. తిట్టాలి. పదహారేళ్ళ ఈస్ట్‌ని పోశావా అని అరవాలి. మూడు వారాలు నన్ను చూస్తూ ఎలా ఊరుకున్నావే అని నిలదీయాలి. ఏం అన్నా పడతానని గట్టిగా అనుకుని వచ్చాను. నిజానికి అనాలనే ఉంది నాకు.

ఆయన మొహం మెల్లిగా విచ్చుకుంది. "అంటే నేను తెల్లదే పెట్టాను" అన్నాడు. "ఫ్రిజ్‌లో తెల్లదే ఉంది."

"తెల్లదే."

"నా బుర్ర బాగానే ఉందన్నమాట." ఎర్ర చేతులతోనే మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి, నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. తర్వాత లేచి చేతులు ప్యాంటుకి తుడుచుకుని బూట్ల కోసం వెతికాడు.

"ఎక్కడికి?"

"రోస్విటాకి చెప్పాలి కదా. తనే సరిగ్గా చూడలేదని మూడు వారాలుగా బాధపడుతోంది, పాపం. తలుపు కూడా తీయలేదు నేను."

మోకాలు నొప్పి ఉన్న మనిషి మెట్లు గబగబా ఎక్కడం వినిపించింది. నా మీద కోప్పడ్డానికి ఒక్క నిమిషం కూడా ఆగలేదు. గింజలు తీయని చెర్రీలు సగం బల్ల మీదే ఉన్నాయి.

రెండో అంతస్తు దాకా వెళ్ళిన అడుగులు ఆగాయి. మళ్ళీ దిగాయి. తలుపు తెరుచుకుంది. వచ్చాడు, ఇప్పుడు తిడతాడు అనుకుని నిటారుగా నిలబడ్డాను.

"మార్లీస్, పొరపాటున మారిపోయిందని చెప్పనా ఆవిడకి?" అన్నాడు. "నీకు ఇబ్బంది లేకుండా ఉంటుంది."

"వద్దు. కావాలనే చేశానని చెప్పు."

తల ఊపాడు. వెళ్ళబోయి, తలుపు పిడి మీద చెయ్యి పెట్టి మళ్ళీ ఆగాడు. ఆలోచిస్తున్నాడు.

"మరి, ఎందుకు చేసిందని ఆవిడ అడిగితే ఏం చెప్పను?"

తను తెలుసుకోవాలని అడగలేదు. ఆవిడ అడిగితే చెప్పడానికి అడిగాడు.

"అడగదు. ఆవిడకి తెలుసు" అన్నాను. "నువ్వు వెళ్ళిరా."